ఇంప్రెషనిస్టు ప్రకృతి చిత్రంలోని భావాన్ని గ్రహించడం ఎలా?

ఇంప్రెషనిస్టులు, అంటే వస్తువుల వివరాలకంటే ఆ క్షణపు వెలుతురునూ రంగునూ పట్టుకోవాలని చూసిన పంతొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి చిత్రకారులు, గీసిన ప్రకృతి దృశ్యం ఎదుట నిలబడగానే చాలామంది అందులో ఏమేమి ఉన్నాయోనని వెతుకుతారు. నిజానికి ఉన్నవాటిని ఏ వెలుతురులో, ఎంత మసకగా చూపారన్న దానిలోనే భావం దాగి ఉంటుంది. వారిలో ఒకడైన క్లోద్ మోనే 1872లో ఫ్రాన్స్‌లోని లె హావ్ర్ ఓడరేవును తన గది కిటికీలోంచి చూసి గీసిన ‘ఇంప్రెషన్, సూర్యోదయం’ చిత్రాన్ని ముందుంచుకుని ఈ పద్ధతిని సాధన చేయవచ్చు. అసలు చిత్రం పారిస్‌లోని మార్మొతాన్ మోనే మ్యూజియంలో ఉంది. ఫోనులో చూసినా సరిపోతుంది.

మొదట చిత్రం గురించి ఏమీ చదవకుండా రెండు నిమిషాలు చూసి, మనసుకు తట్టిన ఒక్క మాటను కాగితం మీద రాసుకోండి. అది తప్పో ఒప్పో అప్పుడే తేల్చవద్దు.

రెండవది రంగుల పరిశీలన. ఎక్కువ సేపు ఆగవలసింది ఇక్కడే. బూడిద కలిసిన నీలంలో ఆకాశమూ నీరూ ఒకదానిలో ఒకటి కలిసిపోగా, నారింజ రంగు సూర్యబింబం ఒక్కటే కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఇప్పుడు ఫోనులోని బొమ్మను నలుపు తెలుపులోకి మార్చి చూడండి: సూర్యుడు దాదాపు మాయమవుతాడు. చుట్టూ ఉన్న మబ్బుకు ఎంత వెలుగు ఇచ్చాడో సూర్యుడికీ మోనే ఇంచుమించు అంతే ఇచ్చాడు, రంగును మాత్రమే మార్చాడు. ఆ బింబం నిలకడగా ఉండక కంపిస్తున్నట్టు తోచడానికి, ఆ ఉదయం ఇంకా పూర్తిగా తెల్లవారనట్టు అనిపించడానికి కారణం ఇదేనని నేను నమ్ముతాను.

తరువాత కుంచె గీతలను దగ్గరగా చూడండి. నీటిలోని సూర్యుడి ప్రతిబింబం అడ్డంగా, తెగితెగి పడిన కొన్ని నారింజ గీతలు మాత్రమే. మూడు పడవల్లో ముందున్నది ముదురుగా, వెనకవి క్రమంగా పలచబడుతూ మంచులోకి జారిపోతాయి. దూరాన్నీ నిశ్శబ్దాన్నీ మోనే ఇలా సాధించాడు.

అర్థం గురించి చివరనే ఆలోచించాలి. 1870–71 యుద్ధంలో జర్మన్ రాజ్యమైన ప్రష్యా చేతిలో ఓడిన ఫ్రాన్స్ మళ్లీ లేచి నిలబడడానికి ఈ చిత్రం ప్రతీక అని కొందరు కళా చరిత్రకారులు భావిస్తారు. ఓడల స్తంభాలు, పొగగొట్టాలు ఆ వాదనకు బలమిస్తాయి. అయితే అవన్నీ మంచులో కరిగిపోతుండగా, అందరికంటే స్పష్టంగా కనిపించేది ముందు పడవలోని మనుషులే. చరిత్ర చెప్పే మాటను ఇలా చిత్రంలోని రంగుతో, గీతతో సరిచూసుకుని, అది నిలిచినంత మేరకే స్వీకరించడం మంచిది.

ఇప్పుడు మొదట రాసుకున్న మాటను తీసి చూడండి. అది ‘ప్రశాంతత’ అయితే, ఊరు లేవకముందే పనికి బయలుదేరిన ఆ పడవవాళ్ల కోసం దాని పక్కన ఇంకొక మాట చేర్చవలసి రావచ్చు.