అచ్చు గాజు నేర్చుకుందాం – 4వ పాఠం: ముక్కు ఎందుకు నల్లబడింది?

పోయిన పాఠం చూసి మట్టి అచ్చులో, గాజుకు బదులు చైనాగ్రాస్ జెల్లీతో ముఖం పోసిన చాలామందికి ముక్కు నల్లగా, చెంపలు వెలుగుగా వచ్చాయి. రంగు ఎక్కువైందా అని అడిగారు. రంగుది తప్పు కాదు. చెప్పాల్సిన మాట ఒకటి నేనే వదిలేశాను.

ముక్కు బయటికి రావాలి కదా అని అచ్చులో ముక్కు చోట గుంట తవ్వారు. ఆ గుంటలో జెల్లీ ఎక్కువ నిండింది. మందం పెరిగితే వెలుతురు తగ్గుతుంది, అదీ మనం అనుకునేదానికంటే చాలా వేగంగా. ఒక సెంటీమీటరు సగం వెలుతురును ఆపిందనుకోండి. రెండు దాటి వచ్చేది పావు వంతు, మూడు దాటితే ఎనిమిదో వంతు, నాలుగు దాటితే పదహారో వంతు. అందుకే నీడ కోసం ఇంకో రంగు కలపొద్దు. గాజులో నీడంటే మందమే. ఈ ఒక్కటీ పట్టుబడకపోతే మిగతా పాఠాలన్నీ వృథా.

చెక్ దేశంలోని జెలెజ్నీ బ్రోద్‌లో యారోస్లావా బ్రిఖ్తోవా, స్తానిస్లావ్ లిబెన్‌స్కీ అనే గాజు కళాకారులు దశాబ్దాల పాటు పనిచేసింది ఈ సూత్రంతోనే. లిబెన్‌స్కీ చిత్రకారుడు, కాగితం మీద వెలుగునీడలు గీసేవారు. బ్రిఖ్తోవా శిల్పి, ఆ వెలుగునీడల్ని మట్టిలో లోతుగా మార్చేవారు. ఈ రెండో పని నాకు ఎక్కువ ఇష్టం, ఎందుకంటే కష్టమంతా అక్కడే ఉంది. 1950ల మధ్యలో ఆయన గీసిన తల బొమ్మను ఆవిడ గాజులోకి తెచ్చారు. 2002లో ఆయన పోయేదాకా ఇద్దరూ కలిసే చేశారు. 1958 బ్రసెల్స్ ప్రపంచ ప్రదర్శనలో వాళ్లు పెట్టిన గోడలో జంతువుల ఆకారాలు గాజు దిమ్మెల వెనక వైపు నుంచి లోపలికి గుంటలుగా ఉంటాయి. ముందు నుంచి చూస్తే పొంగినట్టే కనిపిస్తాయి! లిబెన్‌స్కీ శిష్యుడు జ్డెన్యెక్ ల్హోత్‌స్కీ ఆ దగ్గరి పెలెఖోవ్‌లో నేటికీ అచ్చు గాజు పోయిస్తున్నారు.

మీరూ అలాగే చేయండి. గిన్నె అడుగున మట్టి ముఖాన్ని పొంగేలా అతికించి, నూనె రాసి, పైన జెల్లీ పోయండి. ముక్కు పైన జెల్లీ అర సెంటీమీటరుకు మించకూడదు. నేను టూత్‌పిక్ గుచ్చి కొలుస్తాను, స్కేలు వాడను. గట్టిపడ్డాక తిప్పి తీసి, చదునుగా ఉన్న వైపు మీకు ఎదురుగా, గుంట కిటికీ వైపు ఉండేలా నిలబెట్టండి. జెల్లీ కాచడం మీకు వచ్చు కాబట్టి మళ్లీ చెప్పను. నీలం వాడితే మంచిది. ఎరుపు మందంలో తొందరగా నల్లబడుతుంది.

అభ్యాసం: ముందు బొగ్గుతో ముఖం గీసి, ప్రతి నీడ పక్కనా ఎన్ని మిల్లీమీటర్ల మందమో రాయండి. తర్వాత అదే ముఖాన్ని మూడు సార్లు, మూడు మందాల్లో పోయండి. ఒక్కోదాన్ని పొద్దున, మిట్టమధ్యాహ్నం, సాయంత్రం అదే కిటికీ దగ్గర చూసి, రాసుకున్న అంకెల్ని దిద్దుకోండి. వచ్చే పాఠం చల్లార్చడం గురించి. పెద్ద గాజు దిమ్మెకు అది వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. దిద్దిన కాగితం లేకుండా ఆ పాఠం మొదలుపెట్టకండి.