పాత రేసు కారును రోడ్డెక్కిద్దాం – మూడో పాఠం: విప్పేసినవి తిరిగి బిగించడం

ఆర్‌సీలోని ఛాసిస్, ఇంజిన్ నంబర్లను మొదటి పాఠంలో బండితో సరిచూశాం. భోగాపురం వైపు ఉప్పుగాలికి ఫ్లోరు ఎక్కడ తుప్పు పడుతుందో రెండో పాఠంలో వెతికాం. ఇక, కోయంబత్తూరు కరి స్పీడ్‌వేలో తిరిగిన పాత మారుతీ ఎస్టీమ్ ఒకటి మన విజయనగరం షెడ్డుకు వచ్చిందనుకోండి. బరువు తగ్గుతుందని దాంట్లో వెనక సీటు, హారన్, సైలెన్సర్ పీకేసి ఉంటారు. మన పని దాన్ని మళ్లీ కంపెనీ నుంచి వచ్చిన రూపానికి తేవడం.

చట్టం కూడా అదే అడుగుతుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్ని గట్టిగా చెప్పింది. అనుమతి లేని మార్పు ఒక్కోదానికి ₹5,000 జరిమానా, ఆర్నెల్ల దాకా జైలు కూడా పడొచ్చు.

ముందు రోల్‌కేజ్, అంటే కారు లోపల బిగించిన ఇనుప గొట్టాల చట్రం, తీయించండి. ట్రాక్ మీద హెల్మెట్ ఉంటుంది కాబట్టి ఆ చట్రం ప్రాణం కాపాడుతుంది. హెల్మెట్ లేకుండా ఊళ్లో నడిపితే చిన్న గుద్దుకే తల దానికి తగులుతుంది. వెల్డింగ్ చేసిన కేజ్ అయితే కోసేటప్పుడు పక్కన తడిబట్ట, మంటలార్పే సిలిండర్ ఉండాలి. పెట్రోలు ట్యాంకు ముందే దింపేయండి.

తర్వాత బ్రేకులు. ఇక్కడ తొందరపడొద్దని బతిమాలుతున్నాను. రేసు ప్యాడ్లు వేడెక్కితేనే పట్టుకుంటాయి. కోట జంక్షన్ రద్దీలో అవెప్పుడూ వేడెక్కవు. ఆవు అడ్డొచ్చినప్పుడు పెడల్ ఎంత తొక్కినా బండి జారుతూనే ఉంటుంది. మామూలు ప్యాడ్లు వేసి, డిస్కు పలచబడిందేమో కొలిచి, దాని మీద చెక్కిన కనీస మందం కంటే తక్కువుంటే మార్చండి. కొత్త ప్యాడ్లు కుదురుకోవాలంటే ప్రహరీ ఉన్న ఖాళీ లేఅవుట్‌లో, యజమాని అనుమతితో, గంటకు 40 కి.మీ. నుంచి 10 దాకా పదిసార్లు మెల్లగా తగ్గించండి. మధ్యమధ్య చల్లారనివ్వాలి.

నునుపు రేసు టైర్లు వానాకాలానికి పనికిరావు. గాడి కనీసం 1.6 మి.మీ. ఉండాలి. హారన్, వైపర్, సీటు బెల్టులు, లైట్లు ఒక పూట పని. సైలెన్సర్‌తో పాటు, పొగలోని విషవాయువులను తగ్గించే కెటలిటిక్ కన్వర్టర్ కూడా వెనక్కి రావాలి. బీఎస్-2, బీఎస్-3 (భారత్ స్టేజ్ కాలుష్య ప్రమాణాల) పెట్రోలు కారు పొల్యూషన్ పరీక్షలో కార్బన్ మోనాక్సైడ్ 0.5 శాతం దాటకూడదు.

బండికి 15 ఏళ్లు దాటితే ఫారం 25తో ఆర్‌సీ రెన్యువల్‌కు పెట్టాలి. గడువు తీరిన ఆర్‌సీతో ఆర్టీఓ ఆఫీసుకైనా నడుపుకుంటూ వెళ్లొద్దు. ట్రక్కు మీద ఎక్కించి తీసుకెళ్లండి.

వచ్చే పాఠానికల్లా బండిలో లేని భాగాలు ఒక కాగితం మీద రాసుకోండి. విశాఖ పాత స్పేర్ల కొట్లలో వాటిని ఎలా ఎంచుకోవాలో ఆ జాబితా పెట్టుకుని చూద్దాం.