ఇనుప కప్పు గజిబోను (స్తంభాలపై నిలిచే, గోడలు లేని నీడ పందిరిని) ఇంటి ఆవరణలోనో మేడపైనో బిగించే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

మొదట చూడవలసింది గాలిని. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో ఏప్రిల్, మే నెలల సాయంత్రాలు ఉన్నట్టుండి ఈదురుగాలులు లేస్తాయి కనుక, సగం బిగించిన చట్రాన్ని రాత్రికి వదిలేయవలసిన పరిస్థితి రాకుండా, నలుగురు మనుషులు కుదిరిన రోజున పొద్దు పొడవగానే పని మొదలుపెట్టాలి. ఎండెక్కాక రేకును వట్టి చేతులతో ముట్టుకోలేము.

పునాది విషయంలో మాత్రం దయచేసి రాజీ పడకండి. నల్లరేగడి నేల తడికి ఉబ్బి, ఎండకు పగుళ్లిస్తుంది కాబట్టి, దానిపై బండలు పరిచి స్తంభాలు నిలపడం ప్రమాదకరం. ప్రతి స్తంభం కింద కాంక్రీటు దిమ్మె పోసి, కనీసం 7 రోజులు నీళ్లు పట్టిన తరువాతే యాంకర్ బోల్టులు (స్తంభాన్ని దిమ్మెకు పట్టి ఉంచే బోల్టులు) దించాలి. మేడపైన పెట్టదలచినవారు స్లాబుకు రంధ్రాలు వేసే ముందు ఇంజనీరును అడగాలి. నీరు కారడం ఒక్కటే సమస్య కాదు, గాలి కప్పును పైకి లాగే బలాన్ని కూడా ఆ స్లాబే తట్టుకోవాలి.

పైన గాని, పక్కన గాని కరెంటు తీగలుంటే ఆ చోటు మానుకోవాలి. పొడవాటి పైపు ఎత్తేటప్పుడు తీగకు తగిలితే ప్రాణమే పోతుంది.

గజిబో పెట్టె విప్పగానే భాగాలను సూచనల పత్రంతో సరిచూసుకోవాలి. రేకు అంచులు కత్తిలా కోస్తాయి కనుక మందపాటి చేతితొడుగులు, బూట్లు తప్పనిసరి.

చట్రం రెండు కర్ణాలను, అంటే మూల నుంచి ఎదుటి మూలకు ఉన్న దూరాలను, టేపుతో కొలిచి, అవి సమానమయ్యే వరకు బోల్టులను వదులుగానే ఉంచాలి. లేకపోతే రేకులు పైకెక్కించాక వాటి రంధ్రాలు కలవవు. నిచ్చెనను ఒకరు పట్టుకునే ఉండాలి, కప్పుపైకి ఎవరూ ఎక్కకూడదు.