కోరాపుట్ కొండల్లో అకెబి పందిరి: రెండు పాదులుంటేనే కాయ

అకెబి జపాన్, చైనా, కొరియా కొండల తీగ. ఒక్కో కాడకు చేతివేళ్లలా ఐదు ఆకులు, ముదురు ఊదా పూలు, అరచేతి పొడుగున ఊదారంగు పండ్లు. మాగిన పండు తనంతట తానే నిలువునా పగులుతుంది. లోపల తెల్లటి తియ్యని గుజ్జు, దాన్నిండా నల్లని గింజలు. మొక్కలమ్మేవాళ్లు దీన్ని చాక్లెట్ తీగ అంటారు. ఆ పేరు పువ్వును బట్టి వచ్చింది, పండు రుచికి చాక్లెట్‌తో సంబంధం లేదు.

దీనికి చలి కావాలి. సెమిలిగుడ, సునాబెడ, పొట్టంగి ఎత్తుల్లో ప్రయత్నించడం సబబు. పర్లాకిమిడి, బరంపురం పల్లపు ఊళ్లలో ఆ శ్రమ ఆగాకర పందిరికి పెట్టుకోవడం మేలు.

తీగ బాగా అల్లుకుని, పూత కూడా వచ్చి, ఒక్క కాయా నిలవకపోతే తప్పు ఎరువుది కాదు. ఆగాకరలో ఆడపాదు, మగపాదు వేరని మనకు తెలుసు. అకెబిలో ఆడపూలు, మగపూలు ఒకే గుత్తిలో ఉంటాయి కాబట్టి ఒక్క పాదు చాలనుకుంటాం. కానీ ఈ తీగ తన పుప్పొడితో తాను కాయ కట్టదు. ఒకే తల్లితీగ నుంచి తీసిన పది అంట్లు నాటినా అవన్నీ ఒక్క పాదు కిందే లెక్క. వేర్వేరు తల్లుల అంట్లు రెండు కావాలి, లేదా గింజ నుంచి లేచిన మొక్కలు కావాలి. గింజ మొక్కలు దేనికది వేరు కనుక నాలుగు పెంచితే ఈ చిక్కు తీరుతుంది. అయితే కాపుకు నాలుగైదేళ్లు ఆగాలి. అంటు మొక్కయితే రెండు మూడేళ్లు చాలు.

గింజల్ని ఎండనివ్వకండి, ఎండితే మొలకశక్తి పోతుంది. గుజ్జు కడిగేసి, తడి ఇసుకలో కలిపి, నెల రోజులు ఫ్రిజ్‌లో ఉంచి విత్తాలి. మొలక రావడానికి ఒకటి నుంచి మూడు నెలలు పట్టవచ్చు, తొందరపడి కుండీ తిరగేయవద్దు. నేల అంటు ఇంకా సులువు. నిరుటి తీగను వంచి, కణుపు కింద బెరడు కాస్త గీరి, రెండంగుళాల లోతున పూడ్చి పైన రాయి పెట్టాలి. వానాకాలమంతా వేళ్లు పట్టనిచ్చి, ఆ తర్వాతే తల్లి నుంచి కోయాలి.

తొలకరికి అడుగున్నర గొయ్యి తీసి, రెండు వంతుల మట్టికి ఒక వంతు మాగిన పశువుల ఎరువు కలిపి నాటండి. పాదుకూ పాదుకూ ఏడెనిమిది అడుగులు. మన కొండవానకు నీరు నిలిస్తే వేరు కుళ్లిపోతుంది, అందుకే మొదలు చుట్టుపక్కల నేలకంటే అర అడుగు ఎత్తుండాలి. యూరియా జోలికి పోవద్దు, ఆకే తప్ప పూత రాదు. పందిరి ఆరడుగుల ఎత్తున, గట్టి గుంజలతో వేయండి, తీగ ఇరవై ముప్పై అడుగులు పాకుతుంది. పూత నిరుటి కొమ్మల మీదే వస్తుంది కాబట్టి చలికాలంలో కత్తెర పెడితే మొగ్గలు పోతాయి. పూత అయ్యాక, కాయ లేని కొమ్మల్నే కత్తిరించాలి.

చలి తగ్గి పూత విప్పగానే చేత్తో పుప్పొడి అంటించండి. ఈ పూలలో తేనె ఉండదు, ఈగలూ తేనెటీగలూ వస్తాయని నమ్ముకోలేం. గుత్తిని దగ్గరగా చూస్తే కాడ మొదలు వైపు రూపాయి బిళ్లంత వెడల్పున ఒకటో రెండో పూలు కనిపిస్తాయి. వాటి నడుమ చిన్న వేళ్లలా కాడలు, కొసన జిగురు మెరుపు. అవి ఆడపూలు. కొసవైపు చిన్నగా, లేతరంగులో, ఒలిచిన కమలా తొనల్లా ఆరు కేసరాలు ముడుచుకున్నవి మగపూలు. పొద్దున్నే ఒక పాదు మగపూల మీద మెత్తని కుంచె తిప్పి, రెండో పాదు ఆడపూల జిగురు కొసలకు అద్దాలి. మళ్లీ అటు నుంచి ఇటు. మూడు నాలుగు రోజులు వరసగా చేస్తే మంచిది. ఒక్క ఆడపువ్వు నుంచే నాలుగైదు పిందెలు రావచ్చు. రెండు మూడు ఉంచి మిగతావి గిల్లేయండి.

రంగు తిరిగి, పొడుగునా పాలిపోయిన గీత కనిపించినప్పుడు కోయాలి. పగిలిన పండు ఒకటి రెండు రోజులకు మించి ఆగదు, సంతకు పనికిరాదు. గుజ్జు చెంచాతో తిని గింజలు ఊసేయండి, నమిలితే చేదు.

తీగ నేలకు తగిలిన చోటల్లా వేరు పడుతుంది. అమెరికా తూర్పు ప్రాంతాల్లో అడవిని కమ్మేసే కలుపుగా మారింది. మన కొండల్లో అలా కాకూడదు. అడవి అంచున నాటకండి, కత్తిరించిన ముక్కలు గట్టు మీద పారేయకండి.

కాడను చైనా వైద్యంలో వాడతారని విని కషాయం కాచుకోవద్దు. అదే పేరుతో అమ్ముడైన వేరే కాడ, మన ఈశ్వరి తీగ జాతిది, ఎందరికో మూత్రపిండాలు పాడుచేసింది.

తొక్క మాత్రం పారేయవద్దు. జపాన్‌లోని యమగాతలో అందులో మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) కూరి వేయిస్తారు. మనకు గుత్తికాకర పద్ధతే సరిపోతుంది. నాలుగు తొక్కల్ని ఉప్పునీటిలో ఐదు నిమిషాలు ఉడికించి పిండండి. అర కప్పు వేయించిన వేరుశెనగ, చెంచా నువ్వులు, నాలుగు ఎండుమిర్చి, వెల్లుల్లి, కాస్త చింతపండు, బెల్లం నూరి కూరి, దారం చుట్టి, సన్నసెగ మీద పావుగంట నూనెలో మగ్గనివ్వండి. చేదు ఇంకా ఎక్కువనిపిస్తే మరోసారి ఉప్పునీరు మార్చి ఉడికించండి.