గంటల లెక్కన పనిచేస్తే చేతికొచ్చేది ఎంత?

బెంగళూరులో గంటకింత అని మాట్లాడుకుని పార్ట్‌టైం పనిలో చేరే మనవాళ్ళు చాలామంది, గంటల్ని రేటుతో గుణించి ఆ మొత్తం మీదే ఇంటి అద్దె, చీటీ వాయిదా లెక్కవేసుకుంటారు. అందుకే చేరే రోజునే ఒక మాట అడిగి తేల్చుకోవాలి: ఇచ్చేది ఉద్యోగిగా జీతమా, బయటి మనిషిగా చేసిన సేవకు ఫీజా? ఏ కోత పడుతుందనేది ఆ జవాబును బట్టే ఉంటుంది.

జీతమైతే లెక్క తేలిక. గంటకు 150 రూపాయల చొప్పున రోజుకు 4 గంటలు, నెలకు 24 రోజులు పనిచేస్తే 14,400 అవుతుంది. సంస్థకు పీఎఫ్, ఈఎస్ఐ (ఉద్యోగుల వైద్య బీమా) రెండూ ఉండి, మొత్తాన్ని మూలవేతనంగానే చూపితే, పీఎఫ్‌కు 12 శాతం కింద 1,728, ఈఎస్ఐకి 0.75 శాతం కింద 108 పోగా 12,564 చేతికొస్తుంది. పీఎఫ్ మీ పేరనే జమ అవుతుంది, యజమాని వాటాలో కొంత కూడా దానికి తోడవుతుంది కనుక దాన్ని నష్టం కింద రాసుకోకూడదు. కర్ణాటకలో వృత్తి పన్ను నెలజీతం 25,000 లేదా అంతకు మించి ఉంటేనే పడుతుంది. నెలకు 200, ఫిబ్రవరిలో 300.

చిక్కంతా ఫీజు దగ్గరే. మారతహళ్ళిలో మా పక్కింటి అమ్మాయి ఏప్రిల్ నుంచి ఒక చిన్న కంపెనీకి ఖాతాలు రాస్తోంది. గంటకు 300, నెలకు 88 గంటలు, అంటే 26,400. మొదటి నెల పూర్తిగా వచ్చింది, రెండో నెల 21,120 మాత్రమే జమైంది. వెళ్ళిన వేళ, వచ్చిన వేళ తేదీలవారీగా రాసుకున్న నోటుపుస్తకం పట్టుకుని మా ఇంటికొచ్చింది. కూడి చూశాం, గంటల్లో తేడా లేదు. వృత్తి సేవల ఫీజు ఒక సంస్థ నుంచి ఏడాదికి 50,000 దాటితే 10 శాతం టీడీఎస్ (చెల్లించేవాళ్ళే ముందుగా పట్టుకునే ఆదాయపు పన్ను) కోయాలన్నది 2025 ఏప్రిల్ నుంచి ఉన్న నియమం. రెండో నెలతో ఆ హద్దు దాటింది కనుక రెండు నెలలదీ కలిపి 5,280 ఒకేసారి కోశారు. ఆపై నెలకు 2,640 పోయి 23,760 వస్తుంది. పాన్ ఇవ్వకపోతే కోత 20 శాతం. వడ్డీ మీద పన్ను కోయవద్దని బ్యాంకుకిచ్చే పత్రం (2025-26 వరకు దాని పేరు ఫారం 15జీ) ఈ ఫీజుకు పనికిరాదు.

అయితే ఈ కోత, పన్ను తేలకముందే ఆమె పాన్ మీద కట్టిన సొమ్ము. ఏడాదంతా చేసినా ఆమె ఆదాయం 3,16,800. కొత్త పన్ను విధానంలో 4 లక్షల వరకు పన్నే లేదు. వేరే ఆదాయం లేకపోతే, కోసిన 31,680 మొత్తం వెనక్కి రావాలి. ఆదాయపు పన్ను రిటర్ను వేస్తేనే వస్తుంది. "నాకు పన్ను కట్టేంత ఆదాయం ఎక్కడిది" అని రిటర్ను మానేసేవాళ్ళను చూస్తే నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే ఆ 31,680 ఆ అమ్మాయి 105 గంటలకు పైగా పడ్డ కష్టం. రెండుచోట్ల పనిచేసేవాళ్ళు మాత్రం రెండు ఆదాయాలూ కలిపి చూసుకోవాలి.

రిటర్ను వేసేముందు మీ పేరున జమైన పన్నుల పట్టిక (2025-26 వరకు దాని పేరు ఫారం 26ఏఎస్) తెరిచి, కోసిన ప్రతి మొత్తం మీ పాన్ మీద పడిందో లేదో సరిచూసుకోండి, పడకపోతే వెంటనే కంపెనీని అడిగి సరిచేయించి, టీడీఎస్ ధ్రువపత్రం (2025-26 వరకు ఫారం 16ఏ) తీసుకోండి. ఫీజు జీతం కాదు కనుక ఐటీఆర్-1 అనే రిటర్ను ఫారం చెల్లదు. ఐటీఆర్-3 గాని 4 గాని వేయాలి. రిఫండు జమకావలసిన బ్యాంకు ఖాతాను ఆదాయపు పన్ను పోర్టల్‌లో ముందే ధ్రువీకరించుకుని ఉంచండి.