ఆటలో మన ముద్ర – మూడవ పాఠం: 15 కేబీల్లో కీర్తి తోరణం

పోయిన పాఠంలో బొమ్మలు గీసే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇంక్‌స్కేప్ తెరిచి, ఖిలా వరంగల్‌లో తీసిన తోరణం ఫోటోను అడుగున పరిచి, ఆ పొరకు తాళం వేశాం. ఫోటో సరిగ్గా ఎదురుగా నిలబడి తీసినదే కావాలని అప్పుడే చెప్పాను. పక్కనుంచి తీసినవారు ఇంకోసారి కోటకు వెళ్లి రండి. నాలుగు తోరణాల్లో ఏదైనా ఫరవాలేదు. ఒరిగిన ఫోటోతో ఈ పాఠం ఎందుకు సాగదో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

కార్ల పందేల వీడియోగేమ్ గ్రాన్ టూరిస్మో 7లో కారు మీద అంటించే బొమ్మను మనమే గీసి పంపుకోవచ్చు. షరతులు రెండు: అది ఎస్‌వీజీ ఫైలు కావాలి, 15 కేబీ దాటకూడదు. ఫోనుతో తీసిన మామూలు ఫోటో దీనికి వంద రెట్లకు పైనే ఉంటుంది. ఇదేం పిసినారితనమని మొదట్లో నేనూ విసుక్కున్నాను. తర్వాత అర్థమైంది, ఆ పిసినారితనమే గీయడం నేర్పుతుందని.

వరంగల్ కొత్తవాడ మగ్గాల మీద జంపఖానా నేసేవారు ఏ వరుసలో ఏ రంగు పోగు రావాలో లెక్కపెట్టుకుంటూ నేస్తారు. ఫోటో కూడా అంతే, ప్రతి గడికీ ఒక రంగు రాసి పెట్టుకోవాలి. ఎస్‌వీజీ అలా కాదు, అది ముగ్గు. చుక్కలు ఎక్కడ పెట్టాలి, వాటి మధ్య గీత ఎటు వంగాలి, అంతే దాని లెక్క. వాకిలి నిండా వేసినా, అరచేయంత వేసినా చుక్కల సంఖ్య మారదు. ఇంక్‌స్కేప్‌లో ఆ చుక్క పేరు నోడ్. వంపు తిరిగే ప్రతి గీతకూ ఫైలులో ఆరు సంఖ్యలు చేరతాయి: గీతను వంచే రెండు పిడుల స్థానాలకు నాలుగు, గీత ఆగే చుక్కకు రెండు. నమ్మకపోతే ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి. కాబట్టి నోడ్లు తగ్గితేనే ఫైలు తగ్గుతుంది.

ఇప్పుడు పని. తోరణం కుడి ఎడమలు ఒకేలా ఉంటాయి కనుక ఎడమ సగమే గీస్తాం. కాన్వాసు ఎడమ అంచున ఉన్న కొలబద్ద నుంచి మౌసుతో ఒక నిలువు గీతను లాగి, దూలం సరిగ్గా మధ్యలో నిలపండి. బి నొక్కితే పెన్ను వస్తుంది. స్తంభం అడుగున మొదలుపెట్టి బయటి అంచు వెంట పైకి, దూలం కొస చుట్టి, దూలం మీది హంస వీపు మీదుగా మధ్యగీత దాకా, మళ్లీ దూలం అడుగునుంచి స్తంభం లోపలి అంచుగా కిందికి. మధ్యగీతను వెంట్రుకవాసి దాటించండి. సరిగ్గా గీత మీదే ఆపితే రెండు సగాల మధ్య తెల్లటి సన్నని సందు మిగులుతుంది, అది ఆటలో కారు మీద స్పష్టంగా కనిపిస్తుంది.

శిల్పాల జోలికి వెళ్లకండి. ఇది చెప్పడం తేలిక, పాటించడం కష్టం. అంత చెక్కడం కళ్లెదుట ఉంటే వదలబుద్ధి కాదు. కానీ ఆటలో ఈ బొమ్మ చాలాసార్లు గోరంత కనిపిస్తుంది, అక్కడ లతలూ పూలూ మసక మరకలే. ఇరువైపులా ఉన్న జంట స్తంభాలను కూడా ఒక్కో దిమ్మెగా గీస్తే చాలు. రాష్ట్ర చిహ్నంలోని తోరణం చూడండి, శిల్పాలన్నీ లేకపోయినా గుర్తుపడతాం. అయితే దాన్నే తెచ్చి అంటించవద్దు, అది ప్రభుత్వ ముద్ర. హంసకు మాత్రం మెడ వంపు దగ్గర రెండు నోడ్లు ఎక్కువ ఖర్చయినా పెట్టండి. అది లేకపోతే బాతు అవుతుంది.

సగం పూర్తయ్యాక కంట్రోల్, డి నొక్కి నకలు తీయండి. హెచ్ నొక్కితే అది అద్దంలో బొమ్మలా తిరుగుతుంది. కంట్రోల్ పట్టుకుని పక్కకు జరిపి, రెండూ కొద్దిగా ఒకదానిపై ఒకటి వచ్చేలా ఆపండి. రెండింటినీ ఎంచుకుని పాత్ మెనూలో యూనియన్ నొక్కితే ఒకే ఆకారం. ఒరిగిన ఫోటో మీద గీసినవారికి ఇక్కడే చిక్కు: ఎడమ దూలం పైకి, కుడి దూలం పైకి, మధ్యలో లోయ.

నోడ్లు ఎన్నో కింది పట్టీలో కనిపిస్తుంది. మరీ ఎక్కువైతే కంట్రోల్, ఎల్ ఒక్కసారి నొక్కండి. రెండోసారి నొక్కితే స్తంభాల మూలలు కరిగిన మైనంలా గుండ్రబడతాయి.

కింద ‘ఓరుగల్లు’ అని రాయాలనుకునేవారు అక్షరాలను ఎంచుకుని, వాటిని గీతలుగా మార్చే ఆబ్జెక్ట్ టు పాత్ నొక్కాలి, లేకపోతే ఆటలో ఆ ఫాంటు దొరకదు. మన అక్షరాలన్నీ వంపులే, నోడ్లను గబగబా మింగేస్తాయి. తోరణమా, పేరా అన్న ప్రశ్న వస్తే నా ఓటు తోరణానికే.

సేవ్ చేసేటప్పుడు ప్లెయిన్ ఎస్‌వీజీ ఎంచుకోండి. దానికి ముందు అడుగునున్న ఫోటో పొరకు తాళం తీసి చెరిపేయాలి. నేను మరిచిపోయి, 2 ఎంబీ ఫైలును పంపుతూ ఎందుకు తీసుకోవడం లేదని ఒక సాయంత్రమంతా తల పట్టుకున్నాను. ఫోటో ఎస్‌వీజీలోకి చేరితే దాని బరువు మూడో వంతు పెరిగి మరీ కూర్చుంటుంది.

వచ్చే పాఠానికి రెండు ఫైళ్లు సిద్ధం చేసుకోండి: నల్లరాతి రంగులో తోరణం ఒకటి, అదే తోరణం వెనుక, ఔట్‌సెట్‌తో కాస్త ఉబ్బించిన తెల్లటి నకలు ఉన్నది ఇంకొకటి. నల్ల కారు మీద మొదటిది మాయమైపోతుంది.