తెల్లచారల మనీప్లాంట్‌ను ఇంట్లో ఎలా పెంచాలి?

మనీప్లాంట్‌ను దొంగిలించి తెచ్చి నాటితేనే బాగా పెరుగుతుందని మనవాళ్లలో ఒక నమ్మకం ఉంది. మామూలు పచ్చ రకాన్ని ఎలా తెచ్చినా బతుకుతుంది గానీ, ఆకుల మీద పాలు చిలకరించినట్టు తెల్లని చారలు, మరకలు ఉండే ‘మార్బుల్ క్వీన్’ రకం విషయంలో మాత్రం తీగను ఎలా తెచ్చామన్న దానికంటే ఎక్కడ కోసి తెచ్చామన్నదే ముఖ్యం. ఆకులోని తెల్లని భాగంలో పత్రహరితం దాదాపు ఉండదు. మొక్కకు కావలసిన ఆహారాన్నంతా పచ్చని భాగమే తయారు చేయాలి కాబట్టి ఈ రకం నెమ్మదిగా పెరుగుతుంది, వెలుతురు ఎక్కువ కోరుతుంది, నీరు తక్కువ తాగుతుంది.

ముందుగా తీగను ఎంచుకోవాలి. ప్రతి ఆకులోనూ తెలుపు, పచ్చ రెండూ కలిసి ఉన్న తీగనే తీసుకోండి. పూర్తిగా తెల్లబడిన కొమ్మ చూడటానికి ముచ్చటగా ఉన్నా తనను తాను పోషించుకోలేక కొన్నాళ్లకు ఎండిపోతుంది. పూర్తిగా పచ్చబడిన కొమ్మ నుంచి సాధారణంగా పచ్చ ఆకులే వస్తాయి. ఆకు కాడ తీగను కలిసేచోట కణుపు, దాని పక్కన గోధుమరంగులో చిన్న బొడిపెలా గాలివేరు కనిపిస్తాయి. ఆ కణుపుకు అర అంగుళం కింద పదునైన కత్తెరతో కోసి, రెండు మూడు కణుపులున్న ముక్కలు తయారు చేసుకోవాలి. కణుపు లేని ఒట్టి ఆకును నీళ్లలో ఉంచితే వేర్లు వచ్చినా రావచ్చు గానీ, దాని నుంచి కొత్త తీగ ఎన్నటికీ రాదు.

ముక్కలను గాజు సీసాలో, కనీసం ఒక కణుపు నీటిలో మునిగేలా, ఆకులు తడవకుండా ఉంచాలి. సాధారణంగా 2 నుంచి 4 వారాల్లో వేర్లు వస్తాయి. సీసాలో నిలిచిన నీరు డెంగీని వ్యాపింపజేసే ఏడిస్ దోమకు గుడ్లు పెట్టడానికి అనువైన చోటు. గుడ్డు దోమగా మారడానికి వారం పది రోజులు చాలు కనుక, నాలుగు రోజులకోసారి నీరు పారబోసి, సీసా లోపలి గోడలను రుద్ది కడగడం తప్పనిసరి. వేర్లు రెండు అంగుళాలు కాగానే మట్టిలోకి మార్చండి.

కుండీకి అడుగున రంధ్రం ఉండాలి. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు), ఒక పాలు వర్మీకంపోస్టు, గుప్పెడు ముతక ఇసుక కలిపితే సరిపోతుంది. 6 అంగుళాల కుండీలో మూడు నాలుగు ముక్కలు కలిపి నాటితేనే గుబురుగా కనిపిస్తుంది.

ఇక అసలు విషయం వెలుతురు. పసిఫిక్ మహాసముద్రంలోని మొరేయా దీవి ఈ జాతికి పుట్టిల్లు. అక్కడ పెద్ద చెట్లను పట్టుకుని, ఆకుల సందుల్లోంచి జల్లెడ పట్టినట్టు దిగే ఎండలో పైకి పాకుతుంది. మన ఇళ్లలో అలాంటి వెలుతురు తూర్పు కిటికీ దగ్గర దొరుకుతుంది. ఉదయపు నీరెండ దానికి మేలే చేస్తుంది. పడమటి కిటికీలో అయితే ఏప్రిల్, మే నెలల ఎండకు ముందుగా తెల్లని భాగాలే మాడి గోధుమరంగుకు తిరుగుతాయి కాబట్టి పలుచని తెర వేయాలి. మూల చీకట్లో పెడితే కొత్త ఆకులు చిన్నవై, తెలుపు తగ్గుతూ వస్తుంది. వేలాడే కుండీల విషయంలో చాలామంది చేసే పొరపాటు ఒకటుంది: కుండీని కిటికీ కంటే ఎత్తులో, పైకప్పుకు దగ్గరగా కడతారు. అప్పుడు వేలాడే కొసలకు వెలుతురు అందుతుంది గానీ కుండీ పైభాగం చీకట్లో ఉండి, మొదలు బోడిగా మారుతుంది.

నీళ్లకు రోజులు లెక్కపెట్టుకోవద్దు. మట్టిలో వేలు రెండు కణుపుల లోతు దించి, పొడిగా తగిలితేనే అడుగు రంధ్రం నుంచి కారేదాకా పోసి, పళ్లెంలో నిలిచిన నీటిని పారబోయాలి. వేసవిలో నాలుగైదు రోజులకు, వానాకాలంలో పది రోజులకు అవసరం కావచ్చు. ఏసీ గదిలో ఈ లెక్క మళ్లీ మారుతుంది. మట్టి తడిగా ఉండగానే కింది ఆకులు పసుపుబారుతుంటే వేర్లు కుళ్లుతున్నాయేమో చూడాలి. ఆకులు వాలి, కుండీ తేలికగా ఉంటే అది దాహమే. ఆర్వో యంత్రం వదిలే నీటిలో లవణాలు చిక్కబడి ఉంటాయి కాబట్టి ఆ నీరు వాడకపోవడమే మంచిది.

ఎరువు విషయంలో చేయి బిగించాలి. జూన్ నుంచి అక్టోబరు దాకా నెలకోసారి లీటరు నీటికి నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్లలో ఉండే 19:19:19 ఎరువు అర గ్రాము కలిపి పోస్తే చాలు.

కాడల సందుల్లో దూదిలాంటి పిండినల్లి కనిపిస్తే తడిగుడ్డతో తుడిచి, లీటరు నీటిలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొన్ని చుక్కల సబ్బునీరు కలిపి సాయంత్రం పిచికారీ చేయండి. ఈ మొక్క ఆకుల్లో, కాడల్లో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి. నమిలితే నోరు మండి, వాచిపోతుంది. పసిపిల్లలు, పిల్లులు, కుక్కలు ఉన్న ఇంట్లో వేలాడే కొసలు వాటికి అందకూడదు.

చివరగా కత్తిరింపు. ఏ తీగైనా వరుసగా మూడు నాలుగు పచ్చ ఆకులే వేస్తుంటే జాలి పడకుండా చారలున్న చివరి ఆకుకు కాస్త పైన కోసేయాలి. లేకపోతే ఆహారం ఎక్కువగా చేసుకునే ఆ పచ్చ కొమ్మే త్వరగా పెరిగి, చారల కొమ్మలను కమ్మేస్తుంది. మరీ పొడవైన చారల తీగలను కూడా ఏడాదికోసారి కత్తిరించి, ఆ ముక్కలను అదే కుండీలో బోడిగా ఉన్నచోట గుచ్చండి.